బుజ్జమ్మని ఎవరూ చూడలేదు

మా బావకి కంచె నచ్చలేదు. అంతకుమించి పెద్ద కారణమేమీ లేదు. కొత్త ఇంటి వెనక ముచ్చటపడి స్విమ్మింగ్ పూల్ కట్టించుకున్నాడు. నా పోరు పడలేక దాని చుట్టూ నల్లటి ఇనుప కంచె వేయించాడు. వేయించిన రోజు నుంచీ దాన్ని చూసి ముఖం ముడుచుకోవడమే. "హాల్లో కూర్చుంటే జైల్లో ఉన్నట్టుంది మరదలు పిల్లా" అనేవాడు. ఇళ్ళకి ప్లాన్లు గీయడం ఆయన వృత్తి. అందరి ఇళ్ళలో కిటికీ ఎక్కడుండాలో చెప్పే మనిషికి తన ఇంట్లో కంచె ఎక్కడుండాలో నేను చెప్పడం నామోషీ.

నేను చెప్పక ఎవరు చెబుతారు? నా ఉద్యోగమే అది. ఒక క్లబ్బులో, నడక వచ్చీరాని పిల్లలకి నీళ్ళలో పడితే ఏం చెయ్యాలో నేర్పుతాను. దాన్ని ఈత అనను. ఆ వయసులో ఈత ఎవరికీ రాదు. నేను నేర్పేవి చాలా చిన్న సంగతులు. పెద్దవాళ్ళు పిలిస్తే తప్ప నీళ్ళలోకి రాకూడదు. పడితే వెల్లకిలా తిరగాలి, ముఖం పైకి పెట్టి గొంతు చించుకుని అరవాలి. గోడ చేతికి తగిలితే వదలకుండా, దాన్ని పట్టుకుని బల్లిలా పక్కకి పాకుతూ మెట్ల దాకా రావాలి. అంతే. ఆ కాస్తా రావడానికి నెలలు పడుతుంది, సాధన మానేస్తే వారాల్లో పోతుంది.

పిల్లలు ఏడుస్తారు. గాజు తలుపు అవతల తల్లులు కళ్ళొత్తుకుంటారు. "ఏడవనీ అమ్మా, ఏడుస్తున్నాడంటే ఊపిరి ఆడుతోందనే కదా" అని ఇవతలి నుంచి నేను కేకలేస్తాను. నాకు భయం ఏడుపంటే కాదు. నీళ్ళలో మునిగే పిల్లలు కేకెయ్యరు, చేతులూపరు. చడీచప్పుడూ లేకుండా దిగిపోతారు. పక్కనే కూర్చుని కబుర్లాడుకునే వాళ్ళకి కూడా తెలియదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. అందరూ తలలూపుతారు. ఊపి, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసుకుంటారు. వాళ్ళు తలూపిన ప్రతిసారీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అందుకే మా క్లబ్బులో బుజ్జమ్మ ఉంది. బుజ్జమ్మ రబ్బరు బొమ్మ. చంటిపిల్లంత ఉంటుంది, కడుపులో నీళ్ళు నింపితే చంటిపిల్లంత బరువూ తూగుతుంది. దాన్ని ఎప్పుడు ఎవరు నీళ్ళలోకి జారవిడుస్తారో కాపలా కుర్చీలో కూర్చున్న మనిషికి చెప్పం. పూల్ నిండా జనం ఉన్నప్పుడే జారవిడుస్తాం. బుజ్జమ్మ అడుక్కి చేరేలోగా ఈల వినిపించాలి. వినిపించకపోతే ఆ మనిషి ఆ పూట కుర్చీ దిగి ఇంటికి పోవాల్సిందే. మా దగ్గర ఎంత పాతకాపైనా సరే, బుజ్జమ్మ పేరు చెబితే నిటారుగా కూర్చుంటాడు.

మా అక్క కొడుకు కూడా నా దగ్గరే నేర్చుకున్నాడు. అసలు పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు, వాడు గోళీ. గుండ్రటి తల, గుండ్రటి కళ్ళు, ఎటు వదిలితే అటు దొర్లిపోవడం. మొదట్లో నా జుట్టు పీకి చేతిలో పెట్టాడు. "పిన్నీ వద్దు, పిన్నీ వద్దు" అని వాడు అరుస్తుంటే అక్క గాజు తలుపు దగ్గర నిలబడలేక కారులో కూర్చునేది. వర్షాకాలం వెళ్ళేసరికి వెల్లకిలా తేలడం పట్టుబడింది. నేను తోస్తే తిరిగేవాడు, గోడ అందుకునేవాడు, బల్లి నడక నడిచి మెట్టెక్కి "నేనే!" అని చంకలు గుద్దుకునేవాడు. నాకూ ఆనందమే వేసింది. కాదనను.

కోర్సు అయిపోగానే మా మేనేజర్ ప్రతి పిల్లవాడి మెడలో ఒక పతకం వేస్తాడు. దాని మీద 'నీటి వీరుడు' అని రాసి ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళు మంట. "వీరుడేంటి సార్, వాడికింకా మూడో ఏడు నిండలేదు, ఇలాంటివి రాస్తే పెద్దవాళ్ళు నిజమనుకుంటారు" అని ఎన్నోసార్లు మొత్తుకున్నాను. "మీకన్నీ తప్పులే కనిపిస్తాయండీ" అన్నాడాయన. అలా ఆ పతకం గోళీ మెడలోంచి మా బావ హాల్లో గోడెక్కింది. ఆ తరవాతి ఆదివారం కంచె దిగింది.

ఫోన్లో చెప్పింది అక్క, ఏదో కొత్త పరదాలు కొన్నట్టు. "కంచె తీయించేశారే. ఎంత విశాలంగా ఉందో చూద్దువుగాని రా."

"ఎందుకు తీయించారు?"

"అదేంటే, వాడికి ఈత వచ్చేసిందిగా. నువ్వే కదా నేర్పావు."

నా పాఠమే వాడి మీదికి తిరిగింది. నేర్పకపోయి ఉంటే ఆ కంచె ఉండేది. ఆ పూటే బయల్దేరి వెళ్ళాను. కంచె ముక్కలు గరాజులో గోడకి చేరేసి ఉన్నాయి. హాల్లోంచి పూల్ దాకా చదునైన రాతి నేల, మధ్యలో చీపురుపుల్ల కూడా అడ్డు లేదు. గాజు తలుపు బార్లా తీసి ఉంది. గోళీ సోఫా ఎక్కి దూకుతున్నాడు.

"బావా, దాన్ని మళ్ళీ పెట్టించండి" అన్నాను.

"కూర్చో ముందు, కాఫీ తాగు."

"కాఫీకి రాలేదు. వాడు ఒంటి మీద బట్టల్తో, బూట్లతో పడితే తేలడు. చల్లటి నీళ్ళలో పడితే తేలడు. నేను పక్కన లేకుండా పడితే ఏం చేస్తాడో నాకే తెలీదు."

"మరి ఇన్నాళ్ళూ ఏం నేర్పినట్టు?" అని నవ్వాడు.

"కంచె దాటి, తలుపు దాటి, మీ అందరి కళ్ళూ దాటి పడిపోతే, మీరు పరిగెత్తుకొచ్చేదాకా ఊపిరి నిలుపుకోవడం నేర్పాను. కంచెకి బదులు కాదది."

బావ వాళ్ళమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "ఇంటినిండా ఇంతమందిమి ఉన్నామమ్మా. పిల్లాణ్ణి ఒక్క క్షణం వదలం. నువ్వు ఊరికే గాభరాపడతావు, చిన్నప్పటి నుంచీ అంతేనట, మీ అక్క చెప్పింది" అంది.

"ఇంటినిండా ఉంటేనే నాకు భయం అత్తయ్యగారూ. ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ చూస్తారు. పదిమందుంటే పక్కవాళ్ళు చూస్తున్నారనుకుంటారు."

"ముక్కు మీద కోపం నీకు" అంది ఆవిడ. అక్క నా వైపు చూసి, చాల్లే ఆపు అన్నట్టు కళ్ళతో సైగ చేసింది. అక్కకి ఈత రాదు. బావకి రాదు. అత్తయ్యగారు పాదం కూడా తడుపుకోదు. ఆ ఇంట్లో నీటి వీరుడు అనే పేరున్నది మూడేళ్ళు నిండనివాడికి ఒక్కడికే. పళ్ళు నూరుకుంటూ వచ్చేశాను.

తరవాత రోజూ ఫోన్ చేశాను. అక్క మొదట నీళ్ళు నమిలింది, తరవాత విసుక్కుంది, ఆఖరికి ఎత్తడం మానేసింది. ఆ వారాంతంలో బావ ఆఫీసువాళ్ళని ఇల్లు చూడటానికి భోజనానికి పిలిచాడు. కంచె లేని పూల్ చూపించాలిగా మరి. నన్నూ పిలిచారు. వెళ్ళకూడదనుకున్నాను. గోళీ గుర్తొచ్చాడు. క్లబ్బు నుంచి బయల్దేరేటప్పుడు బుజ్జమ్మని తీసి కారు డిక్కీలో పడేశాను. చెయ్యాలని అనుకుని తెచ్చానా అంటే చెప్పలేను. కోపంతో తెచ్చాను, అంతే.

వెళ్ళేసరికి ఆఫీసువాళ్ళు వచ్చేశారు. పూల్ పక్కనే బల్లలు వేసి ఉన్నాయి. చేయి చాపితే నీళ్ళు తగిలేటంత దగ్గర. గోళీ పసుపుపచ్చ చొక్కా, గట్టి బూట్లు వేసుకుని కుర్చీల మధ్య తిరుగుతున్నాడు. ఒకరి ఒళ్ళోంచి ఇంకొకరి ఒళ్ళోకి, అక్కడి నుంచి నేల మీదికి. కాసేపటికి పూల్ అంచున ఒంటరిగా బోర్లా పడుకుని నీళ్ళలో చెయ్యి ఆడిస్తున్నాడు. బల్లల దగ్గర ఒక్క తల కూడా తిరగలేదు. నేనే వెళ్ళి నడుం పట్టుకుని లేపాను. చొక్కా ముందువైపంతా తడిసి ఉంది.

"పిలిస్తేనే కదా నీళ్ళ దగ్గరికి?" అన్నాను.

"పిలిచాయి" అన్నాడు గోళీ, నీళ్ళ వైపు చూపించి.

వాణ్ణెత్తుకుని బల్లల మధ్యలోంచే నడిచాను. ఎవరూ ఏమైందని అడగలేదు. మేడ మీద పడగ్గదిలో చొక్కా మార్చి, వంటావిడని పిలిచాను. ఆవిడకి నా మాటంటే గురి. "నేనొచ్చేదాకా వీడి మీంచి చెయ్యి తియ్యొద్దు. ఎవరు పిలిచినా కిందికి రావద్దు" అన్నాను. "ఏమైందమ్మా, ముఖం అలా ఉంది?" అంది. ఏమీ కాలేదన్నాను. ఏమీ కాకముందే ఏదో ఒకటి చెయ్యాలని అప్పటికి తేల్చుకున్నాను.

గరాజులో కుళాయి దగ్గర బుజ్జమ్మ కడుపు నింపి, గోళీ విప్పిన పసుపు చొక్కా తొడిగాను. తువ్వాలు చుట్టి, భుజాన వేసుకుని, పిల్లాణ్ణి నిద్రపుచ్చుతున్నట్టు పెరట్లోంచి వెళ్ళాను. పూల్ చివర పూలకుండీల వెనక వంగి నీళ్ళలోకి జారవిడిచాను. గాలిబుడగ ఒకటి తేలింది. బుజ్జమ్మ బోర్లా తిరిగి, మెల్లగా లోపలికి దిగింది. పసుపు చొక్కా, తేటనీళ్ళు, మిట్టమధ్యాహ్నపు ఎండ. కనిపించలేదనడానికి వీల్లేదు. మా క్లబ్బులోనైతే ఈపాటికి ఈల మోగేది. నేను చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికొచ్చి, బావకి ఎదురుగా కూర్చున్నాను.

బావ ముఖం పూల్ వైపే ఉంది. ఆయనే చూడాలి, ఆయన గుండే జారాలి, అదీ నా లెక్క.

ఆయన ఫోన్ చేతులు మారుతోంది. అందులో గోళీ వీడియో. నా గొంతే వినిపిస్తోంది, 'తిరుగు నాన్నా, తిరుగు, పైకి చూడు' అని. "ఈ వయసుకే! వెన్నతో పెట్టిన విద్యలా వచ్చేసింది" అంటోంది అత్తయ్యగారు. అందరూ ఆహా అన్నారు. ఫోన్లో పిల్లాడు తేలుతున్నాడు, పక్కన పూల్లో పసుపు చొక్కా అడుక్కి దిగుతోంది.

"అటు చూడండి" అన్నాడు బావ, పూల్ వైపు చెయ్యి చాపి. చూసేశాడనుకున్నాను. "ఈ వేళప్పుడు ఎండ సరిగ్గా నీళ్ళ మీద పడి, ఆ మెరుపు హాల్లో పైకప్పు దాకా వస్తుంది. కంచె ఉన్నప్పుడు ఇది లేదు."

అందరూ అటు చూశారు. మెరుపే చూశారు.

"గోళీ ఏడిరా?" అంది అత్తయ్యగారు.

"వాళ్ళమ్మ దగ్గర" అన్నాడు బావ, తల తిప్పకుండానే. అక్క అప్పుడే వంటింట్లోంచి పళ్ళేల దొంతరతో వస్తోంది. ఆమె చంకలో ఎవరూ లేరు. అక్క నన్ను చూసింది, వాడు నా దగ్గర ఉన్నాడనుకుంది కాబోలు, మళ్ళీ లోపలికి తిరిగింది. నాకు లేచి గట్టిగా అరవాలనిపించింది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఇంకాసేపు, ఇంకాసేపు. ఒక్కళ్ళయినా చూడరా, వీళ్ళకి కళ్ళున్నాయా అని లోపల తిట్టుకుంటూ కూర్చున్నాను.

ఆఫీసువాళ్ళలో ఒకాయన చెయ్యి కడుక్కుందామని లేచి, నీళ్ళకేసి వంగి చూశాడు. "అడుగున ఏదో పడినట్టుందండీ" అన్నాడు.

బావ మెడ సాచి చూశాడు. నిజంగానే చూశాడు, ఆ పసుపు రంగు మీద ఆయన కళ్ళు ఆనడం నేను చూశాను. "ఏదో బొమ్మ అయ్యుంటుంది లెండి. మావాడు అన్నీ అందులోనే పడేస్తుంటాడు" అన్నాడు. అని, పెరుగు గిన్నె అందుకున్నాడు.

ఆ మాట గుమ్మంలో అక్క చెవిన పడింది.

పళ్ళేలు పగిలిన చప్పుడు ముందు వినిపించింది. అక్క పరుగు తరవాతే కనిపించింది. కుర్చీ ఒకటి తన్నుకుని, చెప్పు ఒకటి ఊడిపోయి, లోతెంతో చూడకుండా, ఉన్న చీరతోనే నీళ్ళలోకి దూకేసింది. ఒక్క కేక కూడా వెయ్యలేదు. ఈత రాని మనిషి. నా లెక్కలో అక్క లేదు. బావ అరుస్తాడు, నేను లేచి నిజం చెబుతాను, ఆ తరవాత ఆయన ముఖాన నాలుగు మాటలు కొడతాను అనుకున్నాను. దూకడం నాకు తట్టలేదు. కోపంలో నాకు ఒక్క మనిషే కనిపించాడు, ఆ పిల్లాడికి తల్లి ఉందన్న సంగతి కనిపించలేదు.

నేనూ దూకాను. చీర ఆమె కాళ్ళకి చుట్టేసుకుంది. అయినా అడుగుదాకా వెళ్ళి బొమ్మని పట్టుకుంది, రెండు చేతులా పట్టుకుంది. వదిలితేనే కదా పైకి వచ్చేది. వదలదు. వెనకనుంచి చంకల్లో చేతులేసి, అక్కనీ బొమ్మనీ కలిపి పైకి లాగి, మెట్ల దాకా ఈడ్చాను. ఆమె దగ్గుతూనే, కళ్ళు తెరవకుండానే, బుజ్జమ్మని బోర్లా తిప్పి వీపు మీద చరుస్తోంది. "నాన్నా... నాన్నా..." అంటోంది. వేళ్ళతో దాని నోరు తెరవబోయింది. తెరుచుకునే నోరు కాదది.

అప్పుడు కళ్ళు తెరిచి చూసింది. రబ్బరు బుగ్గలు, పెయింటు కళ్ళు. ఆ కళ్ళకేసి చాలాసేపు చూసి, నా వైపు తిరిగింది.

"వాడేడీ?"

"మేడ మీద. వంటావిడ దగ్గర. బాగానే ఉన్నాడు అక్కా."

చెంప చెళ్ళుమంది. నా చెవిలో హోరు తగ్గకముందే బావ మీదికొచ్చాడు. "నీకు పిచ్చి పట్టిందా? నా పెళ్ళాన్ని చంపేసేదానివి కదే!"

"అవును, చంపేసేదాన్నే!" అని నేనూ అరిచాను. "ఒక్కసారి భయపడ్డారు కదా! రోజూ పొద్దున లేచి అంత భయపడండి. మీ అందం తగలెయ్య, మీ మెరుపు తగలెయ్య! బొమ్మంటూ పెరుగు వడ్డించుకుంటారా?"

"ఆపండి" అంది అక్క.

అరవలేదు. తడిసి ముద్దైన చీరతో మెట్టు మీదే కూర్చుని ఉంది, బుజ్జమ్మ ఇంకా ఒళ్ళోనే ఉంది. బావ ముఖంలోకి చూసి, "మీరు చూశారు" అంది. "నేను చూడలేదు, అత్తయ్య చూడలేదు. మీరు మాత్రం చూశారు. చూసి, బొమ్మన్నారు."

"బొమ్మే కదా అది..." అన్నాడు బావ.

"మీకు తెలుసా అప్పుడు?"

ఆఫీసువాళ్ళు ఒక్కొక్కరే చెప్పులేసుకున్నారు. అక్క లేచి, మేడెక్కి, గోళీని చంకనేసుకుని కిందికొచ్చింది. తడి తగిలి వాడు గింజుకుంటున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "కంచె మళ్ళీ లేచేదాకా నేనూ వీడూ ఈ ఇంట్లో ఉండం" అని మొగుడితో చెప్పింది. నా వైపు తిరిగి, "నువ్వు మళ్ళీ నా గడప తొక్కకు" అంది. రెండూ ఒకే గొంతుతో అంది.

క్లబ్బులో బుజ్జమ్మని చెప్పకుండా పట్టుకెళ్ళినందుకు మేనేజర్ చివాట్లు పెట్టాడు. పడ్డాను. గోళీని మళ్ళీ నా దగ్గరికి పంపలేదు. తల్లీకొడుకులు మా పెద్దమ్మ వాళ్ళింట్లో ఉంటున్నారనీ, వేరేచోట వేరే టీచరు దగ్గర వాడితోపాటు అక్క కూడా నేర్చుకుంటోందనీ వంటావిడ చెప్పింది. నాకు అక్క మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. నేను చేసింది తప్పేనేమో. కానీ ఇంకేం చేస్తే వింటారో ఎవరైనా చెప్పండి, వింటాను. చెప్పి చూశాను, అరిచి చూశాను, బతిమాలి చూశాను. ఎవరూ చెవిన పెట్టలేదు.

కొన్నాళ్ళకి అక్క నుంచి ఫోన్. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు.

"కంచె పెట్టించారు. గొళ్ళెం వాడికి అందుతుందేమో చూసి చెప్పు. లోపలికి మాత్రం రాకు. పక్క సందులోంచి పెరట్లోకొచ్చి చూసి వెళ్ళిపో."

వెళ్ళాను. అదే నల్ల కంచె, అదే చోట. గేటు తోసుకుని పూల్ వైపుకి వెళ్ళి వదిలేస్తే దానంతటది మూసుకుంది, గొళ్ళెం టక్కుమని పడింది. ఊచలు ఊపి చూశాను. మధ్యలో సందు కొలిచి చూశాను. దగ్గరలో ఎక్కడానికి కుర్చీ గాని కుండీ గాని ఉందేమో చూశాను. బాగానే బిగించారు. ఇంతలో వంటింటి తలుపు తెరుచుకుంది.

"పిన్నీ!"

గోళీ పరిగెత్తుకొచ్చి కంచెకి గుద్దుకున్నాడు. ఊచల్లోంచి చేతులు రెండూ చాపాడు. నేను వెనక్కి జరిగాను. వాడు తల దూర్చబోయాడు, పట్టలేదు. ఊచలు పట్టుకుని ఎక్కబోయాడు, కాలు జారింది. మునివేళ్ళ మీద లేచి గొళ్ళెం కోసం చెయ్యి సాచాడు, ఎగిరాడు, మళ్ళీ ఎగిరాడు. "ఎత్తుకో, ఎత్తుకో పిన్నీ" అని ఏడుపు లంకించుకున్నాడు. వాడికి ఆ క్షణాన ప్రపంచంలో కావలసింది నేనొక్కదాన్నే. అంతకంటే గట్టి పరీక్ష ఆ గేటుకి ఎవరు పెట్టగలరు? గుమ్మంలో అక్క నిలబడి ఉంది. వాణ్ణి పిలవలేదు, నన్ను పొమ్మనలేదు. నాలాగే వాడి చేతికేసి చూస్తోంది.

వాడికి అందలేదు. బాగా ఏడ్చాడు, అయినా అందలేదు.

అక్క వచ్చి వాణ్ణెత్తుకుని, నా వైపు చూడకుండా, "సరిపోతుందా?" అంది.

"ఇంకో జానెడు పైకి పెట్టించు. పెరుగుతాడు కదా" అన్నాను.

తలూపింది. లోపలికెళ్ళి తలుపేసుకుంది. గోళీ ఏడుపు తలుపు వెనక సన్నగా వినిపిస్తూనే ఉంది. అది ఆగేదాకా అక్కడే నిలబడి, అప్పుడు గొళ్ళెం ఎత్తి బయటికొచ్చి, నా వెనక గేటు పడిందో లేదో లాగి చూసుకుని వెళ్ళాను.